కరెంట్ అఫైర్స్ ఎలా చదవాలి? వార్తను వేరు దాకా తవ్వే పద్ధతి, మెట్టు మెట్టుగా

హైదరాబాద్ చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో చదివే రోజుల్లో నా పక్క కుర్చీలో నల్గొండ నుంచి వచ్చిన ఒక తమ్ముడు కూర్చునేవాడు. ముందు ఎనిమిది నెలల కరెంట్ అఫైర్స్ మ్యాగజైన్లు దొంతరగా పెట్టుకునేవాడు. పసుపు మార్కర్‌తో గీసి గీసి కొన్ని పేజీల్లో తెల్ల కాగితమే కనబడేది కాదు. ఒకరోజు "అన్నా, ఇవన్నీ ఎప్పుడు అయితయి?" అని అడిగాడు. దొంతరలోంచి రెండు నెలల కిందటిది ఒకటి లాగి, తను గీసిన లైన్లలోంచే ఐదు ప్రశ్నలు అడిగాను. ఒక్కదానికి జవాబు వచ్చింది. మిగతా నాలుగింటికీ "చదివిన అన్నా, గుర్తుకొస్తలేదు" అన్నాడు.

ఆ అబ్బాయి కష్టపడని మనిషి కాదు. పొద్దున్నే వచ్చి సీటు పట్టుకుని, రాత్రి లైట్లు ఆర్పేదాకా కదిలేవాడు కాదు. తేడా చదివే తీరులో వచ్చింది. ఒక్కో వార్తను విడిగా, నేల మీద రాలిన పువ్వు ఏరుకున్నట్టు ఏరుకుంటున్నాడు. గుచ్చడానికి దారం లేదు. ఆ దారం పేరు సిలబస్. ప్రతి వార్తనూ సిలబస్‌లో ఏదో ఒక పాఠానికి కట్టి, దాని వెనకున్న కథ ఒక్కసారి తెలుసుకుంటే, అది మళ్లీ మళ్లీ బట్టీ పట్టాల్సిన పని తప్పుతుంది. ఈ పద్ధతి నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. మీకు ఆ ఆలస్యం కాకూడదని వివరంగా రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా 2025 వార్తల్లోంచి తీసుకున్నాను. మీ పరీక్ష నాటికి వార్తలు మారతాయి, పద్ధతి మారదు.

మొదటి మెట్టు: మీ పరీక్ష వార్తల్ని ఎలా అడుగుతోంది?

ఇది చూడకుండా పేపర్ తెరవొద్దు. ఏపీపీఎస్సీ గ్రూప్-2 స్క్రీనింగ్ టెస్ట్ 150 మార్కులకు ఉంటుంది. చరిత్ర, భూగోళం, భారతీయ సమాజం, కరెంట్ అఫైర్స్, మెంటల్ ఎబిలిటీ, ఒక్కోదానికీ 30. అంటే ఐదో వంతు మార్కులు సూటిగా వార్తలవే. టీజీపీఎస్సీ గ్రూప్-1 ప్రిలిమ్స్‌లో 150 ప్రశ్నలు. సిలబస్‌లో మొదటి అంశమే ప్రాంతీయ, జాతీయ, అంతర్జాతీయ వర్తమాన అంశాలు, రెండోది అంతర్జాతీయ సంబంధాలు. యూపీఎస్సీ ప్రిలిమ్స్ మొదటి పేపర్‌లో 100 ప్రశ్నలకు 200 మార్కులు, వార్తలకు ఇన్ని అని విడిగా లెక్క లేదు. పాలిటీ ప్రశ్న వెనకా, పర్యావరణం ప్రశ్న వెనకా వార్త దాక్కుని ఉంటుంది. రైల్వే ఎన్‌టీపీసీ (నాన్-టెక్నికల్ పాపులర్ కేటగిరీ ఉద్యోగాల) పరీక్ష మొదటి దశలో 100 ప్రశ్నలకు 40 జనరల్ అవేర్‌నెస్.

అడిగే తీరు కూడా వేరు. రైల్వే వాళ్లు ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని నేరుగా అడుగుతారు. యూపీఎస్సీ ఆ వ్యవస్థ ఎలా పనిచేస్తుందని అడుగుతుంది. మన గ్రూప్ పరీక్షల్లో జతపరచడం, కాలక్రమం, "కింది వాటిలో ఏవి సరైనవి" అనే స్టేట్‌మెంట్ ప్రశ్నలు కలగలిసి వస్తాయి.

చేయాల్సిన పని ఇది: మీ పరీక్ష పాత పేపర్లు మూడు ప్రింట్ తీయండి. వార్తతో సంబంధం ఉన్న ప్రతి ప్రశ్నకూ పక్కన ఆ వార్త జరిగిన నెల రాయండి. ఒక ఆదివారం సరిపోతుంది. పరీక్షకు ఎన్ని నెలల వెనక్కి వెళ్తున్నారో మీ కళ్లతో మీరే చూస్తారు. మామూలుగా ఒక ఏడాది వార్తలు సిద్ధంగా ఉంచుకుంటే ఇబ్బంది ఉండదు.

మనవాళ్లకు ఇక్కడ ఇంకో సమస్య ఉంది, వాయిదా. తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది, పరీక్ష 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. ఆ రెండేళ్లలో ఎంతమంది ఎన్నిసార్లు మొదటి నుంచి మొదలుపెట్టారో, ఆ టెన్షన్ ఎలాంటిదో అనుభవించినవాళ్లకే తెలుసు. అందుకే నోట్స్‌లో ప్రతి పేజీ పైన నెల, సంవత్సరం తప్పకుండా వేయండి. పరీక్ష వాయిదా పడితే పాత పేజీలు పక్కన పెట్టి, కొత్త పేజీలు చేర్చుకోవడానికి వీలుగా ఉంటుంది. బౌండ్ నోట్‌బుక్ కన్నా విడి కాగితాలు పెట్టుకునే ఫైల్ మంచిదని నేను చెప్పేది ఇందుకే.

రెండో మెట్టు: చదివేవి తగ్గించండి

ఒక దినపత్రిక, ఒక ప్రభుత్వ మూలం, ఒక మాసపత్రిక. అంతే.

దినపత్రిక తెలుగుదైనా సరే. యూపీఎస్సీ రాసేవాళ్లు ఒక ఇంగ్లిష్ పేపర్ చదవక తప్పదు. ప్రభుత్వ మూలం అంటే ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో, అందరూ పీఐబీ అంటారు. కేంద్ర మంత్రివర్గ నిర్ణయాలు, పథకాలు, నియామకాలు అక్కడ అసలు రూపంలో ఉంటాయి, తెలుగులో కూడా ఇస్తారు. మాసపత్రిక చదవడానికి కాదు, మీరేం వదిలేశారో నెలాఖరున సరిచూసుకోవడానికి. గ్రూప్-1 మెయిన్స్ రాసేవాళ్లు తెలుగు ‘యోజన’ కూడా చూడండి. బస్సులో వెళ్లేటప్పుడు ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు పెట్టుకుంటే పది నిమిషాల్లో రాష్ట్రం మొత్తం చెవిన పడుతుంది.

టెలిగ్రామ్ గ్రూపుల్లో రోజూ పడే పీడీఎఫ్‌ల గురించి గట్టిగా చెప్పాలి. అలాంటి ఉచిత పీడీఎఫ్ ఒకటి నమ్ముకుని నేను దెబ్బ తిన్నాను. ‘వరల్డ్ ఎకనమిక్ ఔట్‌లుక్’ ప్రపంచ బ్యాంకు నివేదిక అని అందులో ఉంది. అది అంతర్జాతీయ ద్రవ్యనిధిది. ప్రపంచ బ్యాంకుది ‘గ్లోబల్ ఎకనమిక్ ప్రాస్పెక్ట్స్’. పరీక్షలో జతపరచమని అచ్చం అదే వచ్చింది, తప్పు పెట్టాను. అప్పటి నుంచి ఏ నివేదికైనా దాన్ని విడుదల చేసిన సంస్థ సైట్‌లో పేరు ఒక్కసారి చూసుకున్నాకే నోట్స్‌లోకి ఎక్కిస్తాను. నివేదికకు అర నిమిషం పడుతుంది.

మూడో మెట్టు: పేపర్‌కు యాభై నిమిషాలు

పేపర్ పక్కన గడియారం పెట్టుకోండి. పార్టీల మాటల యుద్ధాలు, నేరవార్తలు, సినిమా పేజీ, ఎవరో ఎవరినో విమర్శించిన వార్తలు హెడ్డింగ్ చూసి దాటేయండి. మిగిలిన ప్రతి వార్త దగ్గరా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో ఒక సంస్థ ఉందా? ఒక చట్టం గానీ రాజ్యాంగ అధికరణ గానీ ఉందా? మ్యాప్‌లో చూపించగలిగే చోటు ఉందా? ఒక్కటి కూడా లేకపోతే అది మీ పరీక్షకు పనికొచ్చే వార్త కాదు.

2025 సెప్టెంబరు 3న జరిగిన 56వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశాన్ని చూడండి. టీవీల్లో రెండు మూడు రోజులు ఒకటే చర్చ: ఏ వస్తువు ధర తగ్గింది, ఏది పెరిగింది. పరీక్షకు కావాల్సింది వేరే ఉంది. 12, 28 శాతం శ్లాబులు (పన్ను రేట్లు) తీసేసి ప్రధానంగా 5, 18 శాతం ఉంచారు, విలాస వస్తువులకు, పొగాకు లాంటి హానికర వస్తువులకు 40 శాతం పెట్టారు, చాలావరకు సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇది వార్త. కౌన్సిల్ 279ఏ అధికరణ కింద ఏర్పడింది, ఆ అధికరణ 2016లో 101వ సవరణతో వచ్చింది, కేంద్ర ఆర్థిక మంత్రి అధ్యక్షత వహిస్తారు, ఓటింగ్‌లో కేంద్రానికి మూడో వంతు, రాష్ట్రాలన్నింటికీ కలిపి మూడింట రెండు వంతుల విలువ, నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి. ఇది ఆ వార్తకు వేరు, అంటే మూలం. కేంద్రం ఒప్పుకోకపోతే రాష్ట్రాలన్నీ ఒక్కటైనా నిర్ణయం జరగదని, కేంద్రం ఒక్కటే కూడా ఏమీ చేయలేదని ఈ లెక్కతో మీకే అర్థమవుతుంది. శ్లాబులు రేపు మళ్లీ మారొచ్చు. ఈ లెక్క మారాలంటే రాజ్యాంగాన్ని సవరించాలి.

నాలుగో మెట్టు: ఒక వార్త, ఒక పేజీ

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి. ఎలా చేయాలో ఒక వార్తతో మొదటి నుంచి చివరి దాకా చూపిస్తాను. మన రెండు రాష్ట్రాలకూ దగ్గరిది, గ్రూప్స్‌లో ఎటు తిప్పి అయినా అడగదగ్గది: ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీ రిజర్వేషన్‌ను ఆ కులాల్లోనే గ్రూపులుగా పంచడం.

ఒక తెల్ల కాగితం తీసుకోండి. పైన కుడి మూలన "ఏప్రిల్ 2025" అని రాయండి. మధ్యలో వార్త ఒక్క వాక్యంలో: 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చింది, సుప్రీంకోర్టు తీర్పు తర్వాత దీన్ని అమలు చేసిన మొదటి రాష్ట్రం తమదేనని తెలంగాణ ప్రభుత్వం చెప్పింది.

దాని కింద వివరాలు. 59 కులాల్ని మూడు గ్రూపులు చేశారు. 15 శాతం రిజర్వేషన్‌లో మొదటి గ్రూపుకు 1, రెండో గ్రూపుకు 9, మూడో గ్రూపుకు 5 శాతం. సిఫారసులు చేసింది జస్టిస్ షమీమ్ అక్తర్ కమిషన్. ఏప్రిల్ 14 ఎందుకో గమనించండి, అంబేద్కర్ జయంతి. తేదీకి కారణం తెలిస్తే తేదీని విడిగా గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు.

ఇప్పుడు వెనక్కి నడవండి. ఈ చట్టం ఎలా సాధ్యమైంది? 2024 ఆగస్టు 1న పంజాబ్ ప్రభుత్వం, దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6:1తో రాష్ట్రాలు ఎస్సీల్లో ఉపవర్గీకరణ చేయవచ్చని చెప్పింది. భిన్నాభిప్రాయం జస్టిస్ బేలా త్రివేదిది. ఏడుగురు ఎందుకు కూర్చున్నారు? ఎందుకంటే 2004లో ఐదుగురి ధర్మాసనం అలా చేయకూడదని తీర్పిచ్చింది, దాన్ని కొట్టేయాలంటే అంతకన్నా పెద్ద ధర్మాసనం కావాలి. ఆ 2004 తీర్పు ఏ కేసులో వచ్చింది? ఈ.వి. చిన్నయ్య, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. అంటే కథ మన దగ్గరే మొదలైంది.

ఇంకా వెనక్కి. చిన్నయ్య కేసులో కోర్టు కొట్టేసిన చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2000లో చేసినది. అందులో ఏ, బీ, సీ, డీ అని నాలుగు గ్రూపులు, వరుసగా 1, 7, 6, 1 శాతం. దానికి ఆధారం 1996లో వేసిన జస్టిస్ రామచంద్రరాజు కమిషన్. ఆ కమిషన్ వేయించిన ఉద్యమం మాదిగ దండోరా, 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైంది. దాన్ని నడిపించిన మంద కృష్ణ మాదిగకు 2025లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఆ పద్మ అవార్డు కూడా అవార్డుల జాబితాలో ఒంటరిగా ఉండదు, ఈ పేజీ మీదికి వచ్చి కూర్చుంటుంది.

పేజీ కింది భాగంలో రాజ్యాంగం. ఎస్సీ జాబితాను 341వ అధికరణ కింద రాష్ట్రపతి ప్రకటిస్తారు, అందులో మార్పు చేసే అధికారం పార్లమెంటుదే. ఉపవర్గీకరణ చేస్తే జాబితాను మార్చినట్టే అని 2004లో కోర్టు భావించింది. జాబితాలో ఎవరినీ చేర్చడం లేదు, తీసేయడం లేదు, ఉన్నవాళ్ల మధ్య పంచుతున్నారు కాబట్టి 341కి భంగం లేదని 2024లో చెప్పింది. ఈ ఒక్క తేడా అర్థమైతే స్టేట్‌మెంట్ ప్రశ్న ఎలా ఇచ్చినా భయం లేదు. అయితే రాష్ట్రాలు తగిన సమాచారం సేకరించి చూపించాలని, మొత్తం కోటాను ఒకే ఉపవర్గానికి ఇచ్చేయకూడదని కూడా తీర్పులో ఉంది. ఈ రెండు షరతులూ అండర్‌లైన్ చేసుకోండి.

చివర్లో ఆంధ్రప్రదేశ్. అక్కడ రాజీవ్ రంజన్ మిశ్రా కమిషన్ వేశారు, 2025 ఏప్రిల్‌లో ఆర్డినెన్స్ తెచ్చారు, గ్రూపులు 1, 6.5, 7.5 శాతం. తెలంగాణ అంకెల పక్కనే రాసుకోండి. పరీక్షలో ఒకదాని బదులు ఇంకొకటి పెట్టి తికమక పెట్టడం చాలా తేలిక.

ఈ పేజీకి నాకు గంటన్నర పట్టింది. ఎక్కువ అనిపించవచ్చు. కానీ ఈ ఒక్క కాగితంలో పాలిటీ ఉంది, సామాజిక చరిత్ర ఉంది, రెండు రాష్ట్రాల వర్తమానం ఉంది, అవార్డు ఉంది. గ్రూప్-1 మెయిన్స్ రాసేవాళ్లకు వ్యాసానికి సరుకు కూడా ఇదే. వారానికి ఇలాంటి పేజీలు రెండు చేస్తే చాలు. మిగతా వార్తలకు నాలుగేసి లైన్లు పెట్టండి.

ఐదో మెట్టు: మీరే ప్రశ్న తయారుచేయండి

పేజీ పూర్తయ్యాక పెన్ను కింద పెట్టకండి. ప్రశ్న రాసేవాళ్ల కుర్చీలో కూర్చోండి.

2025 జులై 21న జగదీప్ ధన్‌ఖడ్ ఉపరాష్ట్రపతి పదవికి రాజీనామా చేశారు. సెప్టెంబరు 9న జరిగిన ఎన్నికలో సి.పి. రాధాకృష్ణన్‌కు 452 ఓట్లు, తెలంగాణకు చెందిన సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి బి. సుదర్శన్ రెడ్డికి 300 ఓట్లు వచ్చాయి. 15 ఓట్లు చెల్లలేదు. రాధాకృష్ణన్ 12న ప్రమాణం చేశారు, 15వ ఉపరాష్ట్రపతి. ఇంతవరకు అందరూ చదువుతారు.

ఇప్పుడు ప్రశ్న. ఉపరాష్ట్రపతి ఎన్నికలో, ఒకటి: పార్లమెంటు నామినేటెడ్ సభ్యులు కూడా ఓటు వేస్తారు. రెండు: రాష్ట్రాల ఎమ్మెల్యేలు కూడా వేస్తారు. మూడు: పదవి ఖాళీ అయితే ఆరు నెలల్లోగా ఎన్నిక జరపాలి. సరైనవి ఏవి?

మొదటిది ఒక్కటే సరైనది. ఎమ్మెల్యేలు ఓటు వేసేది రాష్ట్రపతి ఎన్నికలో, అక్కడ నామినేటెడ్ సభ్యులకు ఓటు లేదు. ఆరు నెలల గడువు కూడా రాష్ట్రపతి పదవికే, 62వ అధికరణ. ఉపరాష్ట్రపతి పదవి మధ్యలో ఖాళీ అయితే వీలైనంత త్వరగా అని మాత్రమే 68వ అధికరణలో ఉంది, గెలిచినవారికి మిగిలిన కాలం కాకుండా పూర్తి ఐదేళ్లు ఉంటాయి. చూశారా, తప్పు స్టేట్‌మెంట్ రాయడానికి రాష్ట్రపతి నియమాన్ని తెచ్చి ఇక్కడ పెట్టాను. ఇలాంటి ప్రశ్నల్లో ఎక్కువగా చేసేది ఇదే: పక్కింటి నిజాన్ని తెచ్చి ఈ ఇంట్లో పెట్టడం. మీరు పది ప్రశ్నలు ఇలా తయారుచేస్తే పదకొండోది ఎక్కడ వల వేస్తుందో ముందే తెలిసిపోతుంది.

దీనికి పాతకాలపు ముడి కూడా ఒకటి వేసుకోవచ్చు. ఉపరాష్ట్రపతిగా ఉండి రాష్ట్రపతి పదవికి పోటీ చేయడానికి 1969లో రాజీనామా చేసినవారు మన వి.వి. గిరి.

ఆరో మెట్టు: ప్రపంచ వార్తలకు మ్యాప్ ముందు పెట్టుకోండి

గోడకు ఒక ప్రపంచ పటం, ఒక భారతదేశ పటం అంటించండి. వార్తలో కొత్త ఊరు పేరు వస్తే లేచి వెళ్లి వేలు పెట్టి చూడండి. వేలు పెట్టిన చోటు నాకు ఈ రోజుకీ గుర్తుంటుంది.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రదాడి జరిగింది. మర్నాడే సింధు జలాల ఒప్పందాన్ని నిలిపివేస్తున్నట్టు భారత్ ప్రకటించింది. మే 7న ఆపరేషన్ సిందూర్. ఈ వార్తకు వేరు 1960 సెప్టెంబరు 19న కరాచీలో ఉంది. నెహ్రూ, అయూబ్ ఖాన్ సంతకాలు చేశారు, ప్రపంచ బ్యాంకు మధ్యవర్తి. తూర్పు నదులు రావి, బియాస్, సట్లెజ్ మనకు. పశ్చిమ నదులు సింధు, జీలం, చీనాబ్ నీళ్లు ఎక్కువగా పాకిస్థాన్‌కు. పటం మీద ఆరు నదుల్నీ పెన్సిల్‌తో గీయండి. పహల్గాం లిద్దర్ నది ఒడ్డున ఉంది, లిద్దర్ వెళ్లి జీలంలో కలుస్తుంది. ఒక్క పటంతో భూగోళం, అంతర్జాతీయ సంబంధాలు రెండూ అయిపోతాయి.

కూటములకు వేరే పద్ధతి. ఒక్కో కూటమికి ఒక్కో కాగితం పెట్టి, ప్రధాన కార్యాలయం, సభ్యులు, కొత్తగా చేరినవాళ్లు, జరిగిన సదస్సు, జరగబోయే సదస్సు రాసి, ఏడాది పొడవునా ఆ కాగితాన్నే దిద్దుతూ పోండి. బ్రిక్స్ కాగితంలో 2024 జనవరిలో ఈజిప్టు, ఇథియోపియా, ఇరాన్, యూఏఈ చేరాయని, 2025 జనవరిలో ఇండోనేషియా వచ్చిందని, సదస్సులు 2024లో కజాన్, 2025లో రియో డి జనీరో అని, 2026 అధ్యక్షత మనదని ఉంటుంది. నాటోలోకి 2023 ఏప్రిల్‌లో ఫిన్లాండ్, 2024 మార్చిలో స్వీడన్ వచ్చాక సభ్యులు 32. జీ20లోకి ఆఫ్రికన్ యూనియన్ 2023లో ఢిల్లీ సదస్సులో చేరింది, 2025 సదస్సు జొహన్నెస్‌బర్గ్‌లో జరిగింది, ఆఫ్రికా ఖండంలో అదే మొదటిది. వాతావరణ సదస్సులు దుబాయ్, బాకు, బెలెం అని వరుసగా వచ్చాయి. బెలెం బ్రెజిల్‌లో అమెజాన్ ముఖద్వారం దగ్గర ఉంది.

నోబెల్ పురస్కారాల్లో పేర్ల కన్నా పని మీద దృష్టి పెట్టండి. 2025 రసాయన శాస్త్ర నోబెల్ సుసుము కిటగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాఘీలకు మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్స్ మీద వచ్చింది. లోపల ఖాళీ గదులున్న స్ఫటికాలు అవి, ఎడారి గాలిలోంచి నీటిని, పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టగలవు. సైన్స్ అండ్ టెక్నాలజీ పేపర్‌లో ప్రశ్న ఈ వాక్యం మీద వస్తుంది.

ఏడో మెట్టు: సొంత రాష్ట్రం

చాలామంది ఐక్యరాజ్యసమితి దాకా చదివి సొంత రాష్ట్రం బడ్జెట్ దగ్గర బోర్లా పడతారు. ఆంధ్రప్రదేశ్ అభ్యర్థులు రాష్ట్ర సామాజిక ఆర్థిక సర్వే, తెలంగాణవాళ్లు సోషియో ఎకనమిక్ ఔట్‌లుక్ తప్పకుండా చదవాలి. బడ్జెట్ సమావేశాలప్పుడు విడుదలవుతాయి, ఉచితంగా దొరుకుతాయి.

పథకాల్లో పేర్ల గందరగోళం ఎక్కువ. ‘రైతు భరోసా’నే తీసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన వైఎస్సార్ రైతు భరోసా స్థానంలో ఇప్పుడు అన్నదాత సుఖీభవ ఉంది, పీఎం కిసాన్ ఇచ్చే ₹6,000 కలుపుకుని ఏడాదికి ₹20,000. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు స్థానంలో వచ్చిన పథకం పేరే రైతు భరోసా, ఎకరానికి ఏడాదికి ₹12,000. ఒకటే పేరు, రెండు రాష్ట్రాలు, రెండు కాలాలు. ఒకటి కుటుంబానికి ఇంత అని, ఇంకొకటి ఎకరానికి ఇంత అని లెక్క. ఇవన్నీ ఒక కాగితంలో పక్కపక్కన రాసుకుంటేనే తేలుతాయి. మహిళలకు ఉచిత బస్సు కూడా అంతే: తెలంగాణలో మహాలక్ష్మి కింద 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పేరుతో 2025 ఆగస్టు 15 నుంచి.

జాతీయ వార్తలో మన ఊసు ఎక్కడుందో కూడా వెతకండి. 2025 నవంబరు 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి భారత మహిళలు మొదటిసారి వన్డే ప్రపంచకప్ గెలిచారు. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. ఆ రాత్రి నేను నోట్స్ రాస్తూ ఆ పేరు దగ్గర కాసేపు ఆగిపోయాను, అంత సంతోషం వేసింది. శ్రీహరికోట నుంచి వందో ప్రయోగం 2025 జనవరి 29న జరిగింది, జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15 రాకెట్ మీద ఎన్‌వీఎస్-02 ఉపగ్రహం. రాకెట్ పని సరిగానే చేసింది, తర్వాత ఉపగ్రహాన్ని అనుకున్న కక్ష్యకు చేర్చలేకపోయారు. రెండో వాక్యం కూడా రాసుకోండి, స్టేట్‌మెంట్ ప్రశ్న అక్కడే తయారవుతుంది.

ఎనిమిదో మెట్టు: మారే అంకెలు పెన్సిల్‌తో

రెపో రేటు (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ), ర్యాంకులు, వృద్ధి అంచనాలు లాంటివి పెన్సిల్‌తో రాసి పక్కన తేదీ వేయండి. 2025లో రెపో రేటు 6.50 నుంచి ఫిబ్రవరిలో 6.25, ఏప్రిల్‌లో 6.00, జూన్‌లో 5.50, డిసెంబరులో 5.25కు దిగింది. పెన్నుతో రాసేది అంత త్వరగా మారని సంగతి: ఆ రేటు నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీలో ఆరుగురు సభ్యులు, ద్రవ్యోల్బణ లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు.

తొమ్మిదో మెట్టు: పేజీ మడిచి రివిజన్

కాగితాన్ని నిలువుగా మడవండి. ఎడమ సగంలో ప్రశ్నలు, కుడి సగంలో జవాబులు. రివిజన్ అంటే మళ్లీ చదవడం అనుకోకండి. కుడి సగం మూసి, ఎడమవైపు చూసి, జవాబు బయటికి చెప్పాలి. రాసిన మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి. తప్పిన ప్రశ్న పక్కన చుక్క పెట్టండి. మూడు చుక్కలు పడ్డ ప్రశ్న దగ్గర మీకు వేరు అందలేదని అర్థం, దాని వెనక కథ మళ్లీ చదవాలి.

ఇద్దరుంటే ఇంకా మంచిది. నేను, ఆ నల్గొండ తమ్ముడు సాయంత్రం ఐదింటికి టీ తాగడానికి బయటికి వెళ్లి, ఒకరి కాగితాల్లోంచి ఒకరం పది ప్రశ్నలు అడుక్కునేవాళ్లం. రెండు నెలలకు తన దగ్గర మ్యాగజైన్ల దొంతర పోయి అరంగుళం మందం ఫైల్ మిగిలింది. ఒకరోజు నేను 279ఏ ఏమిటని అడిగితే, అధికరణ చెప్పి ఊరుకోకుండా "కేంద్రానికి వీటో ఉన్నట్టే కదన్నా" అన్నాడు. బట్టీ పట్టిన మనిషి నోట ఆ మాట రాదు.

చివరి నెల, పరీక్ష రోజు

నెల రోజులు మిగిలి ఉండగా కొత్త మూలాలు ఆపేయండి. ప్రశ్నపత్రం చాలా ముందే తయారవుతుంది కాబట్టి చివరి వారం వార్తల కోసం కంగారు పడక్కర్లేదు. ఆ నెలలో మూడు చుక్కల ప్రశ్నలు, కూటముల కాగితాలు, రెండు రాష్ట్రాల పథకాల కాగితం, పెన్సిల్ అంకెలు చూసుకుంటే చాలు. పెన్సిల్ అంకెల్ని చివరిసారి దిద్దుకోండి.

హాల్లో గుడ్డి ఊహ గురించి లెక్క ముందే తేల్చుకుని వెళ్లండి. తప్పుకు మూడో వంతు మార్కు కోసే పరీక్షలో నాలుగు ఆప్షన్లలో ఏదీ తెలియకుండా గుర్తు పెడితే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు. రెండింటిని కచ్చితంగా కొట్టేయగలిగితే మిగతా రెండింట్లో ఒకటి పెట్టడమే లాభం. కోత లేని పరీక్షలో ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. తెలంగాణ గ్రూప్ పరీక్షల్లో కోత ఉండటం లేదు, ఏపీ గ్రూప్-2లో ఉంది, మీ నోటిఫికేషన్‌లో మరోసారి చూసుకోండి.

సెంటర్ గేటు దగ్గరికి ఫైల్ మొత్తం మోసుకెళ్లొద్దు. మూడు చుక్కల ప్రశ్నలు రాసుకున్న రెండు కాగితాలు జేబులో పెట్టుకుని, లోపలికి పిలిచే దాకా అవే చూసుకోండి.